పొద్దున పరుగు, సాయంత్రం స్క్వాట్లు: కాళ్లు ఎవరి మాట వినాలి?

అనంతపురం పీటీసీ (పోలీస్ ట్రైనింగ్ కాలేజీ) మైదానానికి తెల్లవారుజామున ఐదింటికి పోతే రెండు రకాల జనం కనబడతారు. షుగరుకు నడవమని డాక్టరు చెప్పినవాళ్లు ఒక పక్క, కానిస్టేబుల్ ఉద్యోగం కోసం పరిగెత్తే పిల్లలు ఇంకో పక్క. మొదటివాళ్లు ఊరి సంగతులన్నీ మాట్లాడుకుంటూ నడుస్తారు. రెండోవాళ్లకు మాట రాదు. నోరు తెరిచి ఊపిరి లాక్కుంటూ, చేతిలో ఫోను పట్టుకుని సెకన్లు లెక్కపెట్టుకుంటూ తిరుగుతుంటారు. ఈ పిల్లల్లో చాలామంది సాయంత్రానికి మళ్లీ ఏదో ఒక జిమ్ములో బార్‌బెల్ కింద కనబడతారు.

మా వీధి పిల్లోడొకడు ఆ రెండో గుంపులోవాడు. డిగ్రీ అయిపోయింది. వారంలో ఆరు రోజులు పొద్దున పరుగు, ఆరు రోజులు సాయంత్రం జిమ్ము. జనవరిలో 1600 మీటర్లు 5 నిమిషాల 58 సెకన్లలో కొట్టినవాడు, మార్చికొచ్చేసరికి 6 నిమిషాల 25 సెకన్లకు జారిపోయాడు. "చేసేకొద్దీ వెనక్కి పోతాండానన్నా, ఇదేం లెక్క?" అని నన్నడిగాడు. పరుగు మానెయ్, కండ కరిగిపోతుంది అన్నాడట జిమ్ము కోచ్. బరువులు మానెయ్, కాళ్లు బిగుసుకుపోతాయి అన్నారట గ్రౌండులో సీనియర్లు.

పరుగుకూ బరువులకూ పడదన్న మాట జిమ్ముల్లో పుట్టిన పుకారేం కాదు. దాని వెనక నిజమైన ప్రయోగం ఉంది. చిక్కల్లా ఆ ప్రయోగం చేసిన మనిషి తర్వాత చెప్పిన మాటలు ఎవరికీ చేరకపోవడంలోనే ఉంది.

ఆయన పేరు రాబర్ట్ హిక్సన్, అమెరికన్. స్వయంగా బరువులెత్తే మనిషి. సెయింట్ లూయిస్‌లో జాన్ హోలోజీ అనే పెద్ద పరిశోధకుడి దగ్గర చేరాక, గురువుగారితో పాటు రోజూ పరుగుకు పోవడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకు తన బలం, కండ రెండూ తగ్గుతున్నట్టు అనిపించింది. తర్వాత చికాగోలో తనకంటూ ల్యాబు ఏర్పడ్డాక ఆ అనుమానాన్నే ప్రయోగం చేసేశాడు. ఫలితం 1980లో అచ్చయింది.

మనుషుల్ని మూడు గుంపులుగా విడదీసి పది వారాలు చేయించాడు. ఒక గుంపుకు వారానికి ఐదు రోజులు బరువులు మాత్రమే, అదీ ఎక్కువగా కాళ్లకు. ఇంకో గుంపుకు ఆరు రోజులు పరుగు, సైకిలు. మూడో గుంపుకు ఆ ఐదూ, ఈ ఆరూ కలిపి. ఆ పరుగు కూడా తీరుబడిగా చేసేది కాదు. మూడు రోజులు సైకిలు మీద ఊపిరి ఆడనంత గట్టిగా ఐదేసి నిమిషాల విడతలు ఆరు, మిగతా మూడు రోజులు అరగంట నుంచి నలభై నిమిషాల దాకా వీలైనంత వేగంగా పరుగు.

ఏడో వారం దాకా మూడో గుంపు బలం మొదటి గుంపుతో సమానంగానే పెరిగింది. అక్కడ ఆగింది. తొమ్మిది, పది వారాల్లో కిందికి దిగింది. బరువులు మాత్రమే ఎత్తినవాళ్లు చివరిదాకా పెరుగుతూనే పోయారు. "పరిగెత్తితే బలం పోతుంది" అన్న మాటకు ముద్ర పడింది ఇక్కడే.

అయితే అదే ప్రయోగంలో ఇంకో సగం ఉంది. ఒళ్లు ఆక్సిజన్‌ను వాడుకోగల గరిష్ఠ శక్తి, అంటే వీఓటూ మ్యాక్స్, పరుగు గుంపుకు ఎంత పెరిగిందో రెండూ చేసిన గుంపుకూ అంతే పెరిగింది. బరువులు పరుగును పాడుచేయలేదు. గ్రౌండు సీనియర్లు ఈ సగం చదివుంటే మా పిల్లోడికి వేరే సలహా ఇచ్చేవాళ్లు.

ఆ మూడో గుంపు పడిన పాటు కూడా చూడండి. వారానికి పదకొండు కసరత్తులు, పదకొండూ కాళ్ల మీదే, పదకొండూ గట్టివే. మన పల్లెల్లో బండలాగుడు పందేలకు ఎద్దులను పెంచేవాళ్లను అడగండి. రోజూ పందెం బండనే కట్టి లాగించే రైతును నేనింతవరకూ చూడలేదు. ఆ గుంపు బలం ఎనిమిదో వారంలో ఆగిందంటే నాకు ఆశ్చర్యం లేదు, ఏడు వారాలు పెరగడమే ఆశ్చర్యం.

కండ లోపల ఏం జరుగుతుందన్నది తర్వాతి పరిశోధకులు వెతికారు. కణంలో ఏఎంపీకే అనే ఎంజైము ఒకటుంది. ఇంట్లో గాదెలో గింజలెన్ని మిగిలాయో చూసుకునే అవ్వలాంటిది. దూరం పరిగెత్తి శక్తి నిల్వలు తగ్గగానే ఖర్చులు ఆపమంటుంది. ఎంటార్ అనేది ఇంకోటి, మేస్త్రీ లాంటిది. బరువులెత్తినప్పుడు, ప్రోటీన్ తిన్నప్పుడు కొత్త కండ కట్టే పని మొదలుపెడుతుంది. అవ్వ కేకేస్తే మేస్త్రీ తాపీ కింద పెడతాడు. ఇదీ రెండింటి మధ్య తగువు అంటారు. వినడానికి ఇంపుగా ఉంటుంది, ఫిట్‌నెస్ వీడియోల్లో కూడా బాగా అమ్ముడుపోతుంది. కాకపోతే అవ్వ కేక రోజంతా వినబడదు, కొన్ని గంటల్లో సద్దుమణుగుతుంది. గాదెలో గింజలు పోసేస్తే అంతకన్నా ముందే. ఎంజైముల కథలో నిజం ఉంది గానీ, మూడు నెలల తర్వాత ఎవరి తొడ ఎంతుంటుందో అది ఒక్కటే తేల్చదు.

2022లో నలభైకి పైగా ప్రయోగాలను ఒకచోట చేర్చి చూసిన సమీక్ష కూడా ఇదే చెప్పింది. పరుగు, బరువులు కలిపి చేసినా కండ పెరుగుదలకు గానీ, గరిష్ఠ బలానికి గానీ చెప్పుకోదగ్గ నష్టం లేదు. ఒక్కచోట మాత్రం దెబ్బ కనబడింది: పేలుడు బలం. అంటే ఒక్క ఊపున ఎగరడం, దూకడం, నిలబడ్డచోటి నుంచి దూసుకుపోవడం. అది కూడా రెండింటినీ ఒకే పూట ఒకదాని వెనక ఒకటి చేసినప్పుడు ఎక్కువ.

కానిస్టేబుల్ పరీక్షకు పోయేవాళ్లు ఈ ముక్కను పట్టించుకోవాలి. మగవాళ్లకు 1600 మీటర్లు 8 నిమిషాల్లో, 100 మీటర్లు 15 సెకన్లలో, లాంగ్ జంప్ 3.80 మీటర్లు. అందరూ 1600 గురించే బెంగపడి తెల్లారిందగ్గర్నుంచి రౌండ్లు కొడతారు. రౌండ్లన్నీ అయ్యాక, కాళ్లు పిండి అయ్యాక, ఇసుక గుంత దగ్గరికి పోయి నాలుగు దూకులు దూకుతారు. రెండూ కలిపి చేయడం వల్ల నిజంగా దెబ్బతినేది ఆ దూకూ, ఆ 100 మీటర్లూ. వాటిని మొదట చేయాలి, ఒళ్లు వేడెక్కి కాళ్లు ఇంకా తాజాగా ఉన్నప్పుడు.

మరి మా పిల్లోడికి 1600 ఎందుకు పడిపోయింది? బరువుల వల్ల ఓపిక తగ్గదని హిక్సన్ ప్రయోగమే చెప్పింది. కాబట్టి వాడి కథలో అవ్వా మేస్త్రీ తగువు లేదు. తీరని అలసట ఉంది.

అలసటకు మెట్లున్నాయి. గట్టిగా చేసిన వారం చివర వేగం తగ్గి, రెండు మూడు రోజులు విశ్రాంతి తీసుకోగానే ముందుకన్నా బాగా పరిగెత్తగలిగితే అది కోచ్‌లు కావాలని తెప్పించే అలసట. విశ్రాంతి తీసుకున్నా వారాల తరబడి వెనక్కి రాకపోతే అది రెండో మెట్టు. నెలలు గడిచినా కోలుకోక, నిద్ర చెడి, మనసు చివుక్కుమంటూ, ఆకలి పోయి, పరుగంటేనే విసుగు పుడితే దాన్ని ఓవర్‌ట్రెయినింగ్ సిండ్రోమ్ అంటారు. దీన్ని పట్టుకునే రక్త పరీక్ష ఏదీ లేదు. మిగతా జబ్బులన్నీ లేవని తేల్చుకున్నాకే డాక్టర్లు ఆ పేరు పెడతారు. రక్తహీనత, థైరాయిడ్, షుగరు, ఈ మధ్య వచ్చిపోయిన జ్వరం, ఇవన్నీ అచ్చం ఓవర్‌ట్రెయినింగ్ లాగే వేషం వేస్తాయి. మన ఆడపిల్లల్లో రక్తహీనత ఎంత ఎక్కువో తెలిసిందే కదా. మెట్లెక్కితేనే ఆయాసం వస్తున్న అమ్మాయికి "విశ్రాంతి తీసుకో" అని చెప్పి పంపించడం తప్పు, ముందు హిమోగ్లోబిన్ చూపించాలి.

మామూలు ఉద్యోగాలు చేసుకుంటూ జిమ్ముకు పోయేవాళ్లలో ఆ మూడో మెట్టు దాకా పోయేవాళ్లు అరుదు. "ఓవర్‌ట్రెయినింగ్ అయింది" అని నా దగ్గరికొచ్చిన వాళ్లలో ఎక్కువమంది చేసింది ఎక్కువ కాదు, తిన్నది తక్కువ, పడుకున్నది ఇంకా తక్కువ.

మా పిల్లోడి రోజు లెక్క వేశాం. మనిషి 65 కిలోలు. పరిగెత్తేటప్పుడు కిలో బరువుకు, కిలోమీటరు దూరానికి సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది. ఇది గుర్తుపెట్టుకోదగ్గ సులువైన లెక్క. రోజుకు 8 కిలోమీటర్లంటే 520 కేలరీలు. జిమ్ములో గంటకు ఇంకో రెండు మూడు వందలు. అంటే ఇంట్లో మిగతావాళ్లకన్నా వాడికి రోజుకు ఎనిమిది వందల కేలరీల దాకా అదనంగా కావాలి, దాదాపు పావుకిలో రాగిపిండిలో ఉండేంత. వాడు తినేదేమో ఇంట్లో మిగతావాళ్లకన్నా తక్కువ. పొట్ట తగ్గాలని రాత్రి అన్నం మానేశాడు. పొద్దున పరుగయ్యాక కోచింగ్ సెంటరుకు టైమవుతుందని టీ, రెండు బిస్కెట్లు. రాత్రి పదకొండు దాకా పుస్తకాలు, తెల్లారి నాలుగున్నరకు అలారం. ఐదున్నర గంటల నిద్ర.

ఇలా ఖర్చుకు తగ్గ తిండి లేకపోతే ఒళ్లు తనకు ముఖ్యం అనిపించని పనులన్నీ ఒక్కొక్కటే ఆపేస్తుంది. ఎముకలకు మరమ్మతు ఆగుతుంది, హార్మోన్లు తగ్గుతాయి, జలుబు పట్టుకుంటే వదలదు. క్రీడాకారుల్లో కనబడే ఈ స్థితికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లో రెడ్-ఎస్ అని పేరు పెట్టారు. ఆడపిల్లల్లో దీనికి ఒక ముఖ్యమైన గుర్తు నెలసరి తప్పడం. "ఎక్కువ పరిగెత్తితే అంతేలే" అని తేలిగ్గా తీసుకునే విషయం కాదది, డాక్టరు దగ్గరికి పోవాల్సిన విషయం.

ప్రోటీన్ గోల ఇంకోటి. బరువులెత్తేవాళ్లకు ఒళ్లు బరువులో కిలోకు రోజుకు 1.6 గ్రాముల దాకా పనికొస్తుందనీ, అంతకు మించితే పెద్దగా లాభం లేదనీ పరిశోధనలు చెబుతున్నాయి. 65 కిలోల మనిషికి అది 104 గ్రాములు. డబ్బా పౌడరు లేకుండా కుదరదంటారు జిమ్ములో. మనది శెనక్కాయల జిల్లా. వంద గ్రాముల శెనక్కాయ విత్తనాల్లో పాతిక గ్రాముల ప్రోటీన్ ఉంది, వంద గ్రాముల ఉలవల్లో ఇరవై రెండు. కోడిగుడ్డుకు ఆరు. పరుగయ్యాక ఒక గుప్పెడు శెనక్కాయలు, నాలుగు గుడ్లు, మధ్యాహ్నం సంగటిలోకి పప్పో నాటుకోడి పులుసో, సాయంత్రం ఉలవ గుగ్గిళ్లు, రాత్రి పెరుగన్నం అయితే మనం దాదాపు అక్కడికి చేరిపోతాం. డబ్బా కొనుక్కోగలిగినవాళ్లు కొనుక్కోవచ్చు, అది విషమేం కాదు. కానీ అన్నం మానేసి డబ్బా తాగేవాళ్లను చూస్తే మాత్రం నాకు నవ్వొస్తుంది. పరుగు నడిచేది పిండిపదార్థం మీద. గ్రౌండు పక్క బండి మీద దొరికే ఉగ్గాని, పరుగు ముగిసిన పది నిమిషాలకు తింటే దానికి వంక పెట్టాల్సిన పని లేదు. బజ్జీలు ఎన్నన్నది వేరే విషయం.

మార్చి ఎండ సంగతి కూడా మర్చిపోకూడదు. ఎండ ముదిరేకొద్దీ గుండె, పనిచేసే కండరాలకే కాక, ఒళ్లు చల్లబరచడానికి చర్మానికి కూడా రక్తం పంపాలి. అందుకే జనవరిలో పరిగెత్తిన వేగంతోనే పరిగెత్తినా నాడి ఎక్కువ కొట్టుకుంటుంది, ఆయాసం ముందే వస్తుంది. ఒళ్లు వేడికి అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ రెండు వారాలు గడియారాన్ని ఇంట్లో పెట్టి ఊపిరిని బట్టి పరిగెత్తడం మేలు. ఇక సాయంత్రం ఐదింటికి రేకుల షెడ్డు జిమ్ములో లెగ్ డే (కాళ్ల బరువుల రోజు) చేయడమంటే, పగలంతా కాగిన పెనం మీద కూర్చోవడమే.

ఇప్పుడు వారాన్ని ఎలా సర్దాలి? ఇక్కడికొస్తే మళ్లీ హిక్సన్‌నే పిలవాలి.

1980 తర్వాత ఆయన ఊరుకోలేదు. ఆరు రోజులు కష్టపడి ఓపిక పెంచుకున్నవాళ్లను తీసుకుని, తగ్గిస్తే ఏమవుతుందో చూశాడు. 1981లో రోజులు తగ్గించాడు: ఆరు కాస్తా రెండయ్యాయి. పదిహేను వారాలైనా వీఓటూ మ్యాక్స్ అలాగే నిలబడింది. తర్వాత సమయం తగ్గించాడు, నలభై నిమిషాల్ని ఇరవై ఆరుకు, పదమూడుకు. అప్పుడూ నిలబడింది. 1985లో గట్టిదనం తగ్గించాడు. అప్పుడు పడిపోయింది. పెంచుకోవడానికి ఆరు రోజులు పట్టింది, కాపాడుకోవడానికి రెండు రోజులు చాలాయి, ఆ రెండు రోజులూ గట్టిగా చేసినంత కాలం. బలానికి కూడా దాదాపు ఇదే వర్తిస్తుంది. బరువు తగ్గించకుండా వారానికి ఒకట్రెండు సార్లు ఎత్తినా సంపాదించిన బలం చాలా కాలం నిలుస్తుంది.

రెండూ చేసేవాళ్లకు ఇంతకన్నా పనికొచ్చే సంగతి ఇంకోటి లేదని నా అభిప్రాయం. రెండింటినీ ఒకేసారి పైకి నెట్టాల్సిన పని లేదు. ఆరేడు వారాలు పరుగును పెంచు, బరువులు రెండు రోజులకు దించి నిలబెట్టుకో. తర్వాత తిరగెయ్. చేనంతా ఒకే రోజు తడపాలని మోటరు కాల్చుకోకుండా, ఒక మడి తర్వాత ఇంకో మడికి నీళ్లు మళ్లించినట్టు.

వారం లోపల కూడా ఒక కిటుకుంది. చాలామంది ఒకరోజు గట్టి పరుగు, మరుసటి రోజు లెగ్ డే, ఆ మరుసటి రోజు మళ్లీ గట్టి పరుగు పెట్టుకుంటారు. కాళ్లకు ఒక్కరోజు కూడా సెలవుండదు. దానికన్నా గట్టి పరుగూ, కాళ్ల బరువులూ ఒకే రోజు పెట్టి, మధ్యలో కనీసం ఆరు గంటలు వదిలి, ఆ మధ్యలో కడుపునిండా తిని, మరుసటి రోజు కాళ్లను పూర్తిగా వదిలేయడం మంచిది. ఆ రోజు ఛాతీ, వీపు, భుజాలు చేసుకోవచ్చు, లేదా తీరుబడి పరుగు. తీరుబడి అంటే నిజంగా తీరుబడి: పక్కనోడితో నిన్నటి క్రికెట్ మ్యాచ్ గురించి పూర్తి వాక్యాల్లో మాట్లాడగలగాలి. దూరపు పరుగు, స్కీయింగ్, పడవ పోటీల్లాంటి ఓపిక కావాల్సిన ఆటల్లో ఒలింపిక్ స్థాయివాళ్ల శిక్షణను ఏళ్ల తరబడి గమనించిన స్టీఫెన్ సైలర్ అనే శాస్త్రవేత్త, వాళ్ల కసరత్తుల్లో సుమారు 80 శాతం ఇలాంటి తీరుబడివేనని చూపించాడు. మన మైదానాల్లో జరిగేది తలకిందులు. రోజూ నడిమి వేగం. తీరుబడిగా ఉండేంత నెమ్మదీ కాదు, వేగం పెంచేంత గట్టీ కాదు. అలసట పూర్తిగా దక్కుతుంది, లాభం సగం దక్కుతుంది.

బరువుల దగ్గర కూడా ప్రతి సెట్‌లోనూ చేతులెత్తేసే దాకా పోనక్కర్లేదు. ఇంకో రెండు సార్లు ఎత్తగలను అనిపించినప్పుడే బార్ దించేస్తే బలం పెరుగుతుంది, మరుసటి పొద్దున మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవాల్సిన పనీ ఉండదు. నాలుగో వారం మొత్తం చేసే పనిని సగానికి తగ్గించడం చాలామంది కోచ్‌లు పాటించే అలవాటు. మా పిల్లోడికి ఈ ముక్కే మింగుడుపడలేదు. "అందరూ కొడతాంటే నేను పడుకోవల్లా అన్నా?" అన్నాడు.

వాడికి హిక్సన్ మూడో మాట చెప్పాను. 1988లో ఆయన, అప్పటికే బాగా పరిగెత్తుతున్న, సైకిలు తొక్కుతున్నవాళ్లకు వారానికి మూడు రోజులు కాళ్ల బరువులు జోడించి పది వారాలు చూశాడు. వాళ్ల వీఓటూ మ్యాక్స్ పెరగలేదు. కానీ నాలుగు నుంచి ఎనిమిది నిమిషాల్లో మనిషిని పడగొట్టే గట్టి పనిలో వాళ్లు నిలబడగలిగే సమయం పది శాతానికి పైగా పెరిగింది. సైకిలు మీద ఎక్కువసేపు తొక్కే పరీక్షలో 71 నిమిషాలకు ఆగిపోయేవాళ్లు 85 నిమిషాల దాకా పోయారు. 1600 మీటర్లు ఆరు నిమిషాల పని, సరిగ్గా ఆ నాలుగు నుంచి ఎనిమిది మధ్యలో పడేది. పరుగుకూ బరువులకూ పడదని ముద్ర వేసిన మనిషే, తిన్నగా చేస్తే బరువులు పరుగును నిలబెడతాయని పదేళ్లలోపే చూపించాడన్నమాట. మొదటి మాట ప్రపంచమంతా తిరిగింది, చివరి మాట లైబ్రరీలో ఉండిపోయింది.

మైదానంలో మొదటి గుంపు, నడిచేవాళ్ల గుంపు, ఇదంతా చదివి భయపడనక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్లకు చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మాదిరి కసరత్తు, దాంతో పాటు కనీసం రెండు రోజులు కండరాలకు పని. రోజూ గంట నడిచి, వారానికి రెండుసార్లు కుర్చీలోంచి లేచి కూర్చునే గుంజిళ్లో, బరువులో చేసుకునే మనిషికి ఈ తగువులేవీ అంటవు. వాళ్లకు లోటల్లా ఆ రెండో సగం. నడకే అన్నీ చేసిపెడుతుందనుకుంటారు. నలభై దాటాక తగ్గిపోయే తొడ కండను నడక ఒక్కటే ఆపలేదు, షుగరున్నవాళ్లకు ఆ కండ అవసరం ఇంకా ఎక్కువ, ఎందుకంటే రక్తంలోని గ్లూకోజును ఎక్కువగా లాక్కునేది అదే. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగే మొదలుపెట్టాలి.

అలసట హద్దు దాటుతోందని కనిపెట్టడానికి ఖరీదైన గడియారం అవసరం లేదు. పొద్దున మంచం మీంచి లేవకముందే మణికట్టు మీద నాడి ఒక నిమిషం లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకోవాలి. మామూలుగా 58 ఉండేది వరసగా నాలుగైదు రోజులు 66, 68 వస్తుంటే కారణం వెతకాలి. దాంతో పాటు నిద్రెలా పట్టింది, గ్రౌండుకు పోవాలనిపించిందా లేదా అన్నది కూడా ఒక్కో మాట రాస్తే చాలు. ఒక్క లక్షణం దగ్గర మాత్రం నోటుబుక్కు పక్కన పడేసి ఆసుపత్రికి పరిగెత్తాలి: విపరీతంగా చేసిన తర్వాత కండరాలు వాచి, మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే. కండ విరిగి అందులోని ప్రోటీన్ మూత్రపిండాల మీద పడుతోందని దానర్థం. చాలా రోజులు మానేసి ఒక్కసారిగా వందల గుంజిళ్లు తీసినవాళ్లకూ, ఎండలో నీళ్లు లేకుండా చేసినవాళ్లకూ ఇది వచ్చే అవకాశం ఎక్కువ.

మా పిల్లోడు పది రోజులు సగానికి తగ్గించాడు, తిట్టుకుంటూనే. రాత్రి సంగటి మళ్లీ మొదలుపెట్టాడు, చదువు పదింటికి ఆపి పొద్దున ఐదుకు లేస్తున్నాడు. గట్టి పరుగు మంగళవారం, శుక్రవారం. కాళ్ల బరువులు అదే రోజుల సాయంత్రం, ఆరున్నర దాటాక, షెడ్డు కాస్త చల్లబడ్డాక. నాలుగో వారం చివర 1600 మీటర్లు 6 నిమిషాల 2 సెకన్లకు వచ్చింది. లాంగ్ జంప్ మాత్రం ఇంకా జానెడు తక్కువే పడుతోంది. అందుకని ఇప్పుడు మంగళవారం పొద్దున ట్రాకు దగ్గరికి కాకుండా ముందు ఇసుక గుంత దగ్గరికే పోతున్నాడు.